అమ్మకు కడిగితేనే శుభ్రం, పాపకు నేల ఆరితేనే క్షేమం: ఇటువంటి ఇంట్లో మీరు ఏం చేస్తున్నారు?

గోదావరిగట్టు | సోమవారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. ముప్పై ఐదేళ్ళ కిందట నాన్నగారు కట్టించిన ఇంట్లో డెబ్బై నాలుగేళ్ళ మా అమ్మ, నేను, నా భార్య, ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి, పది నెలల పాప, మొత్తం ఐదుగురం ఉంటున్నాము. కిందటి నెలలో అమ్మ పెరటి గుమ్మం దగ్గర జారిపడింది. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు గానీ, మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో ఉండవలసి వచ్చింది. ఆమె జారినది నాచు మీద కాదు, మాలో ఎవరో ఒలకబోసి వదిలేసిన నీళ్ళ మీదా కాదు. తెల్లవారుజామున తానే రెండు బకెట్ల నీళ్ళు పోసి, కొబ్బరి చీపురుతో కడిగిన నేల మీదే జారింది.

అమ్మ లెక్కలో తడిగుడ్డ పెట్టడమంటే మురికిని ఈ మూల నుంచి ఆ మూలకు పులమడమే. నా భార్యేమో పాప దోగాడుతున్నంత కాలం నేల పొడిగా ఉండాలంటుంది. తడి టైల్స్ మీద పాప అరచేతులు చెరో వైపుకూ జారి, గడ్డం నేలకు కొట్టుకోవడం ఇప్పటికి రెండు సార్లు జరిగింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా నాకే చెబుతున్నారు కనుక నా అవస్థ మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇటువంటి ఇళ్ళలో మీరు చేసుకున్న ఏర్పాట్లేమిటో వివరంగా రాయగోరుతున్నాను. పనిమనిషిని పెట్టుకోమన్న సలహా ఒక్కటి మాత్రం వద్దు. ఉన్న పనిమనిషితోనే అమ్మకు రోజూ ఇదే తగువు.

వాటం_మట్టం | సోమవారం, రాత్రి 10:25

వరంగల్లో ఇళ్ళ నిర్మాణం చూసుకునే ఇంజనీరును. సలహా చెప్పేముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ ఇంట్లో టైల్స్ ఎప్పుడు వేయించారు? అంతకుముందు గచ్చు నేల ఉండి ఉంటే, గదుల మూలల్లో ఉండే తూములను ఏం చేశారు?

గోదావరిగట్టు | సోమవారం, రాత్రి 10:50

చూసి చెప్పినట్టే అడిగారు. 2016లో గచ్చు పగలగొట్టించి విట్రిఫైడ్ టైల్స్ పరిపించాము. తూముల్లోంచి ఎలుకలు వస్తున్నాయని అప్పుడే వాటిని సిమెంటుతో మూయించాము.

వాటం_మట్టం | మంగళవారం, ఉదయం 7:15

అనుకున్నంతా అయింది. మీ అమ్మగారి అలవాటులో తప్పు లేదు. ఆ అలవాటుకు తగిన నేలను మీరు తీసేశారు. గచ్చు కొంత గరుకుగా ఉంటుంది, పైగా వాటంగా, అంటే ఒక వైపుకు వాలుగా పోస్తారు కనుక నీరు చీపురు తగలకముందే తూము దారి పడుతుంది. విట్రిఫైడ్ టైలు గాజులా నునుపుగా ఉంటుంది, పైగా మట్టంగా పరుస్తారు కనుక పోసిన నీరు పోసిన చోటే పలుచటి పొరగా నిలుస్తుంది. ఆ పొరలో సబ్బో ఫినాయిలో కలిసిందంటే ఇరవై ఏళ్ళ కుర్రవాడు కూడా నిలదొక్కుకోలేడు. ఫినాయిల్ ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకుంటారు గానీ, డబ్బా మీద రాసిన మోతాదు మించితే అది నేలకు జిగురుగా అంటుకుని దుమ్మును పట్టి ఉంచుతుంది.

మీకు నా సూచన ఇది. హాలులో, గదుల్లో నీళ్ళు పోసే పని పూర్తిగా మానిపించండి. కానీ మీ అమ్మగారికి కడుక్కోవడానికి ఒక చోటు వదలండి. పెరటి వసారాలో టైల్స్ ఉంటే తీయించి, పాలిష్ చేయని తాండూరు బండలు పరిపించి, మీటరుకు ఒక సెంటీమీటరుకు తగ్గకుండా బయటి కాలువ వైపు వాటం ఇప్పించండి. మెరిసే కడప బండ మాత్రం అక్కడ వద్దు, తడిస్తే అదీ టైలులాగే జారుతుంది. కాలువ నోటికి ఇనుప జాలీ బిగిస్తే ఎలుకల బెడదా తీరుతుంది.

స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీలు పెట్టించేటప్పుడు తువ్వాలు ఆరవేసుకునే కడ్డీతో సరిపెట్టకండి. మనిషి బరువు పడితే అది మేకులతో సహా ఊడి వస్తుంది. గోడలోకి లోతుగా దిగే యాంకర్ బోల్టులతో బిగించే స్టీలు కడ్డీలే తీసుకోండి. ఎత్తు ఎంత ఉండాలో మేస్త్రీని అడగవద్దు. అమ్మగారిని కమోడు మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి సహజంగా ఎక్కడికి వెళుతుందో చూసి అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపలి గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉన్నప్పుడు లోపలికి తెరుచుకునే తలుపును తోయడం సాధ్యం కాదు.

గడప సంగతి చాలామంది అడుగుతారు. మూడంగుళాల కర్ర గడప తీసేయమని నేను ఎవరికీ చెప్పను. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మసకవెలుతురులో కూడా కనిపిస్తుంది, ఇంటిల్లిపాదికీ దాన్ని దాటే అలవాటు ఉంటుంది. నేను చూసిన ఇళ్ళలో మనుషులను పడేసినది గడప కాదు, హాలుకూ వసారాకూ మధ్య అదే రంగు టైలుతో కనబడకుండా దాగి ఉన్న అంగుళం మెట్టు.

వేపచెట్టునీడ | మంగళవారం, ఉదయం 11:05

గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రి నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి విరమించుకున్నాను. ఇంజనీరు గారు నేల గురించి చక్కగా చెప్పారు కనుక నేను సీసాల గురించి రాస్తాను.

గోదావరిగట్టు గారూ, ఎలుకల కోసం తూములు మూయించామన్నారు. ఎలుకల మందు కూడా ఏదైనా వాడుతున్నారా? ట్యూబులో టూత్‌పేస్టులా వచ్చే, పసుపు భాస్వరం ఉండే మందు ఇంట్లో ఉంటే ఈ రోజే తీసివేయండి. టమాటా ముక్కకో రొట్టె ముక్కకో రాసి మూలల్లో పెడతారు. దోగాడే పిల్లకు మొదట అందేవి ఆ మూలలే. దానితో వచ్చే పెద్ద చిక్కు ఏమిటంటే, మింగిన తరువాత ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే కనిపించి, ఏమీ కాలేదని ఇంట్లోవారు ఊపిరి పీల్చుకున్నాక కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. అందుకని ఆ మందు రవ్వంత నోటికి తగిలిందన్న అనుమానం వచ్చినా, పిల్ల ఆడుకుంటున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఎలుకలకు బోను చాలు.

రెండవది, సైకిలు మీద వచ్చి యాసిడ్, ఫినాయిల్ అమ్మేవారి దగ్గర కొన్న సరుకు. వాటిని కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇస్తారు. తెల్ల ఫినాయిల్ నీళ్ళలో కలిపితే అచ్చం పాలలాగే ఉంటుంది. నా ఉద్యోగంలో ఇటువంటి కేసుల్లో నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి తాగినవారు కాదు. దాహమై, తమకు తెలిసిన సీసా కనబడి తాగినవారు. ఒకసారి ఇంట్లోని తాతగారే కళ్ళజోడు లేకుండా తాగి వచ్చారు. సీసా మార్చవద్దు, తెచ్చిన డబ్బాలోనే, ఎత్తైన అలమరలో, తాళం కింద ఉంచండి. వంటగదిలో సింకు కింద పెట్టే అలవాటు మన ఇళ్ళన్నిటిలోనూ ఉంది, నా ఇంట్లోనూ మనవరాలు పుట్టేదాకా ఉండేది.

మూడవది దేవుడి గది. హారతి కర్పూరం బిళ్ళలు పిల్లలకు పిప్పరమెంట్లలా కనిపిస్తాయి. కొద్ది మోతాదు మింగినా పసివారికి అరగంటలోపే ఫిట్స్ రావచ్చు. కర్పూరం డబ్బాకు మర మూత ఉన్నది తీసుకుని పైన పెట్టండి. అలాగే బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు. అవి వేసి దాచిన పాత పొత్తిగుడ్డలు, దుప్పట్లు ఉతక్కుండా పసిబిడ్డకు కప్పితే, జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి వేస్తే సరిపోతుంది.

ఇక అమ్మగారి మాత్రలు. చక్కెర వ్యాధికి వాడే కొన్ని రకాల మాత్రలు ఒక్కటి మింగినా పసిపిల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. పిల్లలు తీయలేని మూతల డబ్బాలు దొరుకుతాయి గానీ, కీళ్ళనొప్పులున్న పెద్దవారు కూడా వాటిని తీయలేక, చివరికి మూత పెట్టకుండానే వదిలేస్తారు. డబ్బా కంటే చోటు ముఖ్యం. అమ్మగారు నిలబడి చెయ్యి చాస్తే అందే ఎత్తున, మంచం మీద నుంచి పిల్లకు అందని వైపున ఒక చిన్న గూడు పెట్టించండి. మాత్ర చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిన రోజున మాత్రం అది దొరికేదాకా పాపను ఆ గదిలో వదలవద్దు.

ఏది మింగినా ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు పట్టి వాంతి చేయించవద్దు. యాసిడ్ దిగేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు మరొకసారి గొంతును కాలుస్తుంది. 108కి ఫోను చేసి, సీసాను కూడా వెంట తీసుకువెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. దాన్ని ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.

చెరువుకట్ట | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మాది కరీంనగర్. మా బోరు నీళ్ళకు ఉప్పు ఎక్కువ, బాత్రూం టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. రెండేళ్ళ కిందట మా అత్తమ్మ ఆ పొర పోవాలని ముందు యాసిడ్ పోసి, అది సరిపోలేదని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లి, వాసన బయటికి రాకూడదని తలుపు వేసుకుని తోమడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలకు దగ్గుతూ బయటికి వచ్చి అరుగు మీద కూలబడింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని మాకు ఆసుపత్రిలో డాక్టరు చెబితే తెలిసింది. ఒక పగలు, ఒక రాత్రి ఆక్సిజన్ పెట్టారు. ఒకటి వాడిన చోట, నీళ్ళతో బాగా కడిగి ఆరిన తరువాత తప్ప రెండోది వాడవద్దని ఇంటింటికీ చెప్పవలసిన మాట ఇది. తెల్ల పొరకు మేము ఇప్పుడు వెనిగర్ తడిపిన గుడ్డ పరిచి అరగంట ఉంచి తోముతున్నాము. యాసిడ్ పోస్తే టైళ్ళ సందుల్లో సిమెంటు తినేసి, ఆ గుంటల్లో మళ్ళీ పాచి పడుతుంది.

మామిడితోపు | మంగళవారం, సాయంత్రం 6:10

ఇవన్నీ చదువుతుంటే ఇల్లు కాదు, ప్రయోగశాల అనిపిస్తోంది. మేము ఆరుగురం అన్నదమ్ములం మట్టిలో దొర్లి, తొట్టి నీళ్ళు తాగి పెరిగాము, ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దవారి అలవాట్లను తప్పు పట్టడం, పిల్లలను గాజుబొమ్మల్లా చూడడం ఈ మధ్య ఎక్కువైంది. ఆమెను ఆమె పద్ధతిలో ఇల్లు కడుక్కోనివ్వండి.

వేపచెట్టునీడ | మంగళవారం, రాత్రి 8:00

మామిడితోపు గారూ, మట్టి గురించి మీతో నాకు పేచీ లేదు. పాప పెరట్లో మట్టి ముట్టుకున్నా, ఆటవస్తువు కిందపడి నోట్లో పెట్టుకున్నా కంగారుపడనక్కరలేదు. చేతులు కడిగితే చాలు. రోజూ క్రిమిసంహారకాలతో ఇల్లంతా తుడవనక్కరలేదని కూడా చెబుతాను, మామూలు సబ్బునీళ్ళు చాలు. కానీ మీ చిన్నతనంలో మీ ఇంట్లో యాసిడ్ సీసా లేదు, బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మ లేదు, అద్దంలాంటి టైలూ లేదు. ఆ బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాలుస్తుంది. మరొక మాట: పాప ముందు నీళ్ళున్న బకెట్టు ఎప్పుడూ వదలవద్దు. ఆ వయసు పిల్లలకు తల బరువు ఎక్కువ; వంగి చూడబోయి తలకిందులైతే తిరిగి లేవలేరు. మునగడానికి జానెడు నీళ్ళు కూడా అక్కరలేదు.

ఎర్తువైరు | బుధవారం, ఉదయం 6:45

విద్యుత్ పనివాణ్ణి. పోసిన నీళ్ళు మనిషిని జారవేయడమే కాదు, వాషింగ్ మెషీను కాళ్ళ కిందికీ, నేల మీద పడేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సులోకీ పోతాయి. ముప్పై ఐదేళ్ళ ఇల్లంటున్నారు కనుక ఎర్తింగు ఒకసారి పరీక్ష చేయించి, మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లోడు మించితే ఆగే ఎంసీబీ వైరింగును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ; ఈ తేడా తెలియక ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ఊరుకుంటారు. ఆర్‌సీసీబీ మీద టి అక్షరంతో ఉన్న మీట నెలకొకసారి నొక్కితే ట్రిప్ అవ్వాలి, అంటే సరఫరా ఆగాలి, కాకపోతే అది పాడైనట్టే.

బకెట్లో హీటరు రాడ్డు వేసి నీళ్ళు కాచుకునే అలవాటు ఉంటే పూర్తిగా మానండి. ఎనిమిదో తరగతి అబ్బాయికి ఒక పని చెప్పండి: ఫోను తీసుకున్నాక చార్జరు స్విచ్ ఆపి వైరు పైకి చుట్టి పెట్టాలి. వేలాడే వైరు కొసను పిల్లలు మొదట పెట్టేది నోట్లోనే.

బుడమేరు_ఒడ్డు | బుధవారం, మధ్యాహ్నం 12:20

మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇంట్లో నడుములోతు నీరు నిలిచింది. నీరు తీశాక నాలుగంగుళాల బురద మిగిలింది. అప్పుడు మా పక్కింటి మామ్మగారు గొట్టం పట్టుకుని గోడలూ నేలా కడిగిన తీరు చూసి మేమందరం నేర్చుకున్నాము. ఆ వారంలో తడిగుడ్డతో తుడిచి ఉంటే ఇల్లు ఇప్పటికీ కంపు కొడుతూనే ఉండేది. కాబట్టి కడగడం తప్పని నేను అనను, రోజూ కడగడమే ఎక్కువ.

మీరు అడగకపోయినా నీటి నిల్వ గురించి ఒక మాట. డెంగీ దోమ మురుగులో కాదు, మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది కనుకనే శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్ళన్నీ ఖాళీ చేసే రోజు పాటించమంటారు. అయితే డ్రమ్ములో నీళ్ళు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు పడగానే పిల్లలవుతాయి. లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి. మీ అమ్మగారి చేతి వాటం ఇక్కడ అక్కరకు వస్తుంది.

కందిపప్పు_డాలస్ | బుధవారం, రాత్రి 9:15

అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చినప్పుడు మాకు ఇదే సమస్య తిరగబడి వచ్చింది. ఇక్కడ అమెరికాలో బాత్రూం నేలకు తూమే ఉండదు, టబ్బులోకి కాలెత్తి దిగాలి. మగ్గుతో బయట నిలబడి స్నానం చేసిన మొదటి రోజున కింది అంతస్తు సీలింగు తడిసింది. టబ్బులో రబ్బరు చాప, స్నానానికి కుర్చీ, చేత్తో పట్టుకునే షవరు కొన్నాక కుదుటపడింది. పోపు పెట్టినప్పుడల్లా పొగ అలారం మోగుతోందని నాన్న దాని బ్యాటరీ తీసి సొరుగులో పెట్టారు, అది మాకు నెల తరువాత తెలిసింది! అలారాన్ని వంటగదికి కాస్త దూరం జరిపించి బ్యాటరీ తిరిగి వేశాము. నీళ్ళ హీటరును 120 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గించాము. అంతకు బాగా మించితే పిల్లల చర్మం క్షణాల్లో కాలుతుంది.

గోదావరిగట్టు | ఐదు వారాల తరువాత, ఆదివారం, ఉదయం 10:30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం చేశామో రాయడం నా బాధ్యత.

నర్సు గారి సందేశం చదివిన రాత్రే టార్చిలైటు వేసుకుని ఇల్లంతా వెతికాను. సింకు కింద యాసిడ్ కూల్‌డ్రింకు సీసాలోనే ఉంది. అటక మీద ఎలుకల మందు ట్యూబు సగం వాడినది దొరికింది. ఎవరు తెచ్చారో ఎవరికీ గుర్తులేదు. ట్యూబును రెండు సంచుల్లో చుట్టి, ప్రమాదకరమైన చెత్త అని చెప్పి పురపాలక సంఘం బండివారికి విడిగా ఇచ్చాము. ఆర్‌సీసీబీ పెట్టించాము. పెట్టిన మూడో రోజునే అది ట్రిప్ అయింది, పాత గీజరులో లీకేజీ ఉందని తేలింది. ఆ గీజరుతో ఎన్నాళ్ళుగా స్నానాలు చేస్తున్నామో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

అమ్మతో మాట్లాడడమే కష్టమనుకున్నాను. "కడగవద్దు" అనే మాట నేను ఎత్తలేదు. ఇంజనీరు గారు రాసినదంతా చదివి వినిపించాను. తూముల దగ్గరికి రాగానే, "ఆ రోజే చెప్పాను కదురా, తూము మూసిన ఇల్లు కడగడానికి పనికిరాదని" అంది. నిజంగానే చెప్పిందట, నాకే జ్ఞాపకం లేదు. ఆ మాట ఒప్పుకున్నాక మిగిలినది సులువైంది. ఇప్పుడు లోపలి గదులు పాప నిద్రపోయే పది గంటల వేళ బాగా పిండిన గుడ్డతో తుడిచి, ఫ్యాను వేసి ఆరబెడుతున్నాము. వసారా, పెరడు అమ్మవి. శుక్రవారం డ్రమ్ములు రుద్దే పని అబ్బాయికి అప్పగించింది, పీచు పట్టుకోవడం దగ్గర నుంచి తానే నేర్పుతోంది.

మొన్న వసారాలో తాండూరు బండలు పరచడం పూర్తయింది. మేస్త్రీ డబ్బులు తీసుకుని వెళ్ళబోతుంటే అమ్మ ఆగమని, చెంబుతో నీళ్ళు తెచ్చి నాలుగు మూలలా పోసి చూసింది. మూడు మూలల నీళ్ళు కాలువలోకి వెళ్ళాయి. తులసికోట పక్కన మాత్రం అరచేయంత మడుగు నిలిచింది. ఆ రెండు బండలు లేపి మళ్ళీ పరచడానికి మేస్త్రీ రేపు వస్తున్నాడు.